సైనికుని గడపకు వెళ్ళే దంపతులకు

దంపతులారా! ఉద్యోగ ధర్మం ముగించుకొని, పిల్లల బాధ్యతలు తీర్చుకొని, మిగిలిన ఆయుష్షును దైవసేవకు అర్పించాలనే సంకల్పంతో మైలవరం ప్రాంతానికి బయలుదేరుతున్నారు. అక్కడి సైనిక కుటుంబాల మధ్య ఒక వారం గడిపి, వారికీ వారి మందిరానికీ పరిచర్య చేయాలన్నది మీ కోరిక. కోరిక పవిత్రమైనదే. అయితే పవిత్రమైన కోరిక కూడా తెలియనితనం వల్ల చెడుతుంది. అందుకే ఈ మాటలు. మీరు వయసులో పెద్దవారు. బోధ వినడానికి పెద్దరికం అడ్డు రానివ్వకండి.

మన దేశంలో సైనికునికి గౌరవం కరువు లేదు. మూడు రంగుల జెండా కప్పిన పేటిక ఊళ్ళోకి వచ్చిన నాడు పొలాల్లో పని ఆగుతుంది, బడిపిల్లలు బారులు తీరుతారు, నాయకులు వస్తారు, తుపాకులు గాలిలోకి పేలుతాయి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో కల్నల్ సంతోష్ బాబు నేలకొరిగినప్పుడు సూర్యాపేట అంతా వీధుల్లోకి వచ్చి కన్నీరు పెట్టింది. అది ధర్మమే. మరణించిన వీరుణ్ణి గౌరవించని జాతి బతికి ప్రయోజనం లేదు. అయితే నేను అడిగేది వేరు. ఆ సైనికుడు బతికి ఉన్న రోజుల్లో, కొండల్లో కాపలా కాస్తూ ఉన్న రోజుల్లో, ఏ విశేషమూ లేని ఒక మంగళవారం నాడు అతని గడప తొక్కినవారు ఎందరు? అతని భార్య జ్వరంతో పడుకొని ఉంటే, పిల్లవాడికి ఫీజు కట్టే గడువు దాటిపోతుంటే, ముసలితండ్రి మంచం దిగలేకపోతుంటే తలుపు తట్టినవారు ఎందరు? మీరు వెళ్ళవలసింది ఆ మామూలు రోజున. మీ సేవంతా ఈ ఒక్క మాటలో ఉంది.

సీతమ్మ కష్టాలు మన జాతికి కంఠస్థం. అన్న వెంట అడవికి వెళ్ళిన లక్ష్మణుడి త్యాగమూ కంఠస్థమే. అంతఃపురంలో మిగిలిపోయిన ఊర్మిళను ఎవరు తలచుకున్నారు? మన తెలుగు ఆడవాళ్ళు తలచుకున్నారు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అని పాట కట్టుకొని, దంపుళ్ళ దగ్గరా ఉయ్యాలల దగ్గరా తరతరాలుగా పాడుకున్నారు. వెళ్ళినవాడి కంటే ఉండిపోయిన మనిషి మోసే బరువు తక్కువ కాదని వారికి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. లేఖనాలు చదివే మీకు దావీదు కథ తెలిసే ఉంటుంది. అలసిపోయి బెసోరు వాగు దగ్గర నిలిచిపోయిన రెండు వందల మందికి దోపుడుసొమ్ములో పాలు ఇవ్వరాదని కొందరు వాదించారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్ళినవాడికీ సామాను దగ్గర నిలిచినవాడికీ సమభాగమని తీర్పు చెప్పి, దాన్ని ఇశ్రాయేలుకు కట్టడగా నిలిపాడు. ఆ కట్టడను మనం ఈనాటికీ పూర్తిగా పాటించలేదు.

మీరు వెళ్ళే నేల సంగతి కాస్త చెబుతాను. మైలవరం నేటి ఎన్టీఆర్ జిల్లాలోది. పక్కనున్న నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. జిల్లాలు విడిపోయినా మామిడితోటలు ఒకటే. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు కాయ. పూత నుంచి కోత దాకా ఊరి బతుకంతా ఆ చెట్ల చుట్టూ తిరుగుతుంది. దక్షిణాన కొండపల్లి. బొమ్మల వల్ల దాని పేరు అందరికీ తెలుసు. ఆ కోటను 1766లో ఇంగ్లీషు కంపెనీ వశం చేసుకున్నదనీ, అక్కడ పటాలాలకు శిక్షణ ఇచ్చేవారనీ కొందరికే తెలుసు. ఈ సర్కారు జిల్లాల నుంచి సిపాయి కొలువుకు మనుషులు వెళ్ళడం ఆనాటి నుంచి ఉన్నదే. ఉత్తర హిందూస్థానంలో ఒకప్పుడు కంపెనీ సిపాయిని ‘తెలంగా’ అనే పిలిచేవారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం అయితే మిలిటరీ మాధవరం అనే పేరుతోనే స్థిరపడింది. అక్కడ సైన్యంలో పనిచేసినవాడు లేని ఇల్లు అరుదు. మామిడి పల్లెల్లో సైనికులు అంత ఒత్తుగా ఉండరు. ఊరికి ఒక ఇల్లో రెండిళ్ళో ఉంటాయి. అందుకే వారి కష్టం మరీ ఒంటరిది. మాధవరంలో అయితే పక్కింటి ఆడమనిషికి చెప్పకుండానే అర్థమవుతుంది. ఇక్కడ చెప్పినా అర్థం కాదు.

ఇంకొక మాట కూడా మనసులో పెట్టుకొని వెళ్ళండి. మీరు సైనిక కుటుంబాలకు ఉపకారం చేయడానికి వెళ్ళడం లేదు. సైనికులకు సంఘం బాకీపడిన పాత అప్పు తీర్చడానికి వెళ్తున్నారు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నంలో దిగి, అక్కడి కోటలోని తెల్ల సిపాయిలకు ఇంగ్లీషులో ఆరాధన జరుపుతూ తెలుగు నేర్చుకున్నారు. సువార్తలను తెనిగించడంలో వారికి కుడిభుజమైన ఆనందరాయరు ఒకప్పుడు పటాలంలో లెక్కలు రాసిన బ్రాహ్మణుడు. నాలుగైదేళ్ళలోనే, 1809లో ఒకరు, 1810లో ఒకరు, ఆ ఇద్దరు దొరలూ కన్నుమూశారు. వారు మొదలుపెట్టిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. సికిందరాబాదులో 1806లో కంటోన్మెంటు వెలసింది, 1813 నాటికి సెయింట్ జాన్స్ చర్చి లేచింది. 1895లో చార్లెస్ పాస్నెట్ అనే మిషనరీ అక్కడి సైనికుల మధ్య సేవకే వచ్చాడు. దండు గోడలు దాటి మెదక్ పల్లెల్లోకి నడిచాడు. కరువులో కూలి దొరకని పేదలకు పని కల్పిస్తూ కట్టించిన మెదక్ మహాదేవాలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ పుట్టడానికి కారణం గోదావరి మీద పడవల దారి కోసం పనిచేస్తున్న హేగ్ అనే సైనిక ఇంజనీరు. ఈ కృష్ణ ఒడ్డున బెజవాడ ఆనకట్ట కట్టించిన చార్లెస్ ఆర్, అటు ధవళేశ్వరం కట్టించిన ఆర్థర్ కాటన్, ఇద్దరూ సైనిక ఇంజనీర్లే. అంతెందుకు, అన్యజనుల్లోంచి సంఘంలో చేరిన తొలి ఇల్లు ఏదని అపొస్తలుల కార్యముల పదవ అధ్యాయాన్ని అడగండి. కొర్నేలీ అనే శతాధిపతి ఇల్లు. సైనికుని ఇల్లు.

ఇలా సైనికుల వాకిట్లో పుట్టిన సంఘం ఇవాళ సైనికుని ఇంటిని మరిచిపోయింది. నా బాధంతా ఇదే.

దంపతులుగా వెళ్ళడంలో ఉన్న మేలును తేలికగా తీసుకోకండి. అకుల, ప్రిస్కిల్ల ఇద్దరూ ఒక్కటిగా ఉన్నందుకే వారి ఇల్లు సంఘమయింది. బందరులో జాన్ షార్కీ అనే మిషనరీ ఒంటరిగా ఉండి ఉంటే మగవారి మధ్య బోధతో ఆగిపోయేవాడు. భార్య వెంట ఉన్నందువల్లనే ఆడపిల్లలు ఉండి చదివే బడి నడిచింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ముప్పైవేల ప్రాణాలు తీసింది. ఆ బడిపిల్లలు ఎందరో నీటిపాలయ్యారు. మరుసటి ఏడాది ప్రభుత్వం బందరు నుంచి పటాలాన్ని తీసివేసింది. పటాలం పోయినా ఆడపిల్లల చదువు ఆ ఊళ్ళో పోలేదు. ఆ పిల్లలకు తల్లి స్థానంలో నిలిచిన ఆ ఇల్లాలి పేరు చరిత్ర పుస్తకాల్లో భర్త పేరు వెనకాలే దాగి ఉంటుంది. మీలో ఇల్లాలైన తల్లీ, ఈ వారంలో అసలు పని నీదేనని తెలుసుకో. అయ్యగారు ప్రార్థన చేస్తారు, పుస్తకం తెరుస్తారు. ఆ ఇంటి కోడలు నోరు విప్పేది నీ ముందే.

ఇక్కడ కఠినమైన మాట ఒకటి చెప్పాలి. హిత్తీయుడైన ఊరియా యుద్ధంలో ఉన్నప్పుడు అతని ఇంటి మీద కన్ను వేసినవాడు పరాయివాడు కాదు. అతడు ఎవరికోసం యుద్ధం చేస్తున్నాడో ఆ రాజు దావీదే. తోటి సైనికులు గుడారాల్లో ఉండగా తాను ఇంటికి వెళ్ళి సుఖపడనన్న మనిషికి రాజు చేసినది అది. మగదిక్కు దూరాన ఉన్న ఇంటికి సహాయం పేరుతో వచ్చేవారిలో అందరూ శుద్ధులు కారు. కనుక మీరు ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్ళండి. పగటిపూట వెళ్ళండి. వీధి అరుగు మీదో వసారాలోనో, నలుగురికీ కనబడేచోట కూర్చోండి. అత్తగారు ఉంటే ముందు ఆమెను పలకరించండి. మీరు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి గురించి వీధిలో ఒక్క మాట పుట్టినా, మీరు చేసిన ప్రార్థనలన్నీ దాన్ని తుడవలేవు.

వెళ్ళిన మొదటి రోజు బోధ చేయకండి. కూర్చుని వినండి. మంచం కింద నల్లటి ఇనుప ట్రంకు పెట్టె ఉంటుంది. దాని మీద తెల్ల అక్షరాలతో అతని పేరు, నంబరు, యూనిట్ రాసి ఉంటాయి. గోడ మీద కవాతు దుస్తుల ఫొటో. కిటికీలో, సిగ్నల్ అందేచోట, ఫోను. రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో అతని ఫోను వస్తుందని ఇల్లంతా ఆ కిటికీ చుట్టూ తిరుగుతుంది. కొండల్లో నెట్‌వర్క్ లేని చోటికి పంపితే ఆ ఫోను వారాల తరబడి మోగదు. అడిగితే “బాగానే ఉన్నాం అయ్యగారూ” అంటారు. ఆ మాట నమ్మి లేచి రాకండి. కాసేపు అక్కడే ఉండండి. జాడీలో ఆవకాయ కలుపుతుంటే ఓ చెయ్యి వేయండి. రైల్లో అతను తీసుకెళ్ళే సీసాకు గుడ్డ కట్టి, మూత బిగించి, పైన కవరు చుట్టేటప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. “మొన్న మా ఆయన ఫోన్లో ఏడ్చారమ్మగారూ, నేను మాత్రం ఏడవలేదు” అని ఏ కోడలైనా అంటే, ఆ మాటకు మీ దగ్గర వచనం సిద్ధంగా ఉండనవసరం లేదు. ఆమె చెయ్యి పట్టుకోండి, చాలు.

తరువాత కాగితాలు. ఆత్మలను గురించి చెప్పవలసిన చోట కాగితాలేమిటని కొందరు భక్తులు చిన్నబుచ్చుకుంటారు. నేను వారితో ఏకీభవించను. సైనికుని ఇల్లాలి బతుకు ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంటుంది. సైన్యంలో చేరాక పెళ్ళయితే, ఆ పెళ్ళిని యూనిట్‌లో తెలియజేసి పార్ట్ టూ ఆర్డర్ అనే ఉత్తర్వులో అచ్చు వేయించాలి. బిడ్డ పుడితే అదీ అంతే. అప్పుడే ఆ పేరు రికార్డ్స్ ఆఫీసు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. మద్రాసు రెజిమెంటువాడైతే ఆ ఆఫీసు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంటుంది. ఫిరంగిదళం వాడైతే నాసిక్‌లో. ఆధార్ కార్డులో ఒక రకంగా, బడి సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా, సైన్యపు రికార్డులో మూడో రకంగా పేరు ఉంటే, అతను బతికున్నంత కాలం ఎవరికీ పట్టదు. అతను పోయిన నాడు కుటుంబ పెన్షను ఆగిపోతుంది. అప్పుడు ఆమె “నేను నేనే” అని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇందులో సంఘం చేసే పాపం ఒకటి ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను. క్రైస్తవ వివాహానికి 1872 నాటి చట్టం ఉంది. పెళ్ళి జరిపించే పాస్టరుకు ఆ చట్టప్రకారం అధికారం గానీ లైసెన్సు గానీ ఉండాలి. రిజిస్టరులో నమోదు చేయాలి. దంపతులూ సాక్షులూ సంతకం చేయాలి. మన పల్లెల్లో ఎన్ని పెళ్ళిళ్ళు ఇలా జరుగుతున్నాయి? లైసెన్సు లేని బోధకుడు పందిట్లో పెళ్ళి జరిపి, ఫొటోలు దిగి, భోజనం చేసి వెళ్ళిపోతాడు. ఆ పెళ్ళికి మిగిలేది ఆల్బమ్ ఒక్కటే. ఆ పెళ్ళికొడుకు సైనికుడైతే, ఆ నిర్లక్ష్యం ఒక ఆడకూతురి మెడకు ఉరి. కనుక దంపతులారా, మీరు వెళ్ళిన ప్రతి సంఘంలో పాస్టరుగారిని మర్యాదగా, కానీ గట్టిగా అడగండి: “అయ్యగారూ, మన సంఘంలో ఉన్న సైనికుల పెళ్ళిళ్ళు రిజిస్టరులో ఉన్నాయా? పేర్లు వారి రికార్డులతో సరిపోతున్నాయా?” లేకపోతే కూర్చుని సరిచేయించండి. చట్టప్రకారం ఏ దారి ఉందో రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి. ఆరాధనలో పాడిన పాట ఆ సాయంత్రానికి గాలిలో కలుస్తుంది. రిజిస్టరులో సరిగ్గా రాసిన పేరు ముప్పై ఏళ్ళ తరువాత ఒక విధవరాలికి అన్నం పెడుతుంది.

ముసలి సైనికుల సంగతీ ఇలాంటిదే. వారి పెన్షను ఇప్పుడు స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతిలోకి మారింది. ఏటా బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. మరిస్తే డబ్బు ఆగుతుంది. వేలిముద్ర అరిగిపోయి యంత్రం గుర్తుపట్టని చేతులు ఉన్నాయి. వైద్యానికి 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. పథకం ఉంది, పాలీక్లినిక్ విజయవాడలో. నలభై కిలోమీటర్లు బస్సులో వెళ్ళి, వరుసలో నిలబడి, మందులు తెచ్చుకోవాలి. ఎనభై ఏళ్ళ మనిషిని అక్కడికి తోడు తీసుకెళ్ళి, తిరిగి తీసుకొచ్చి, మంచం మీద కూర్చోబెట్టి రండి. మీ వారంలో ఒక రోజంతా దానికే పోతుంది. పోనివ్వండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఒకటి ఉందని, పిల్లల చదువుకూ ఆడపిల్లల పెళ్ళికీ అక్కడ సహాయం అడగవచ్చని తెలియని ఇళ్ళు ఉన్నాయి. చెప్పడంతో ఆగకండి; దరఖాస్తు నింపి, సంతకం పెట్టించి, ఇచ్చి రండి.

తోటల విషయంలో మీకు అనుభవం లేకపోతే మాట్లాడకండి, కానీ పక్కన నిలబడండి. మగవాడు సరిహద్దులో ఉంటే రెండెకరాల తోటను పూతమీదే గుత్తకు ఇవ్వమని బేరగాళ్ళు ఆడవాళ్ళ మీద ఒత్తిడి తెస్తారు. తేనెమంచు పురుగు పట్టిందని, ఈ ఏడు కాపు నిలవదని భయపెట్టి ధర దిగ్గోస్తారు. కాయ కోశాక కాటా దగ్గర తరుగు పేరుతో ఇంకొంత. ఇద్దరు పెద్దవాళ్ళు ఆ బేరం జరిగేచోట ఊరికే కుర్చీ వేసుకొని కూర్చుంటే చాలు, చాలా అన్యాయం నోరు మూసుకుంటుంది. మీ నెరిసిన జుట్టుకు దేవుడిచ్చిన అధికారం అది. దాన్ని మీ గౌరవం కోసం వాడుకోక ఆమె పొట్టకూటి కోసం వాడండి.

ఒక చేదు సంగతి. మిలిటరీ క్యాంటీన్ నుంచి మందు సీసాలు చవగ్గా వస్తాయని ఊరందరికీ తెలుసు. సైనికుడు సెలవు మీద దిగితే కుశలం అడిగేవారి కంటే సీసా అడిగేవారు ముందు వస్తారు. వారిలో సంఘంలో కానుక పళ్ళెం పట్టేవారు కూడా ఉంటారు. ఆ అలవాటు మెల్లగా ఆ ఇంట్లోనే కాపురం పెడుతుంది. ఇరవై ఏళ్ళు క్రమశిక్షణతో బతికిన మనిషి ఇంటికొచ్చి, చేసేందుకు పని లేక, మాట వినేవాడు లేక, సాయంత్రం అయ్యేసరికి సీసా ముందు కూర్చుంటాడు. భార్య నోరెత్తదు, ఆమెకు అతను ఇన్నాళ్ళకు దొరికిన మనిషి. ఇక్కడ మీరు మెత్తగా ఉండకండి. సీసా అడిగిన పెద్దమనిషిని ఒంటరిగా పిలిచి, అతని మొహం మీదే చెప్పండి: నీవు ఒక ఇంటిని కూల్చుతున్నావని. తాగే సైనికుణ్ణి మాత్రం గద్దించకండి. అతనికి పని ఇవ్వండి. బడిలో పిల్లలకు కసరత్తు నేర్పించమనండి. మందిరం ప్రహరీ కట్టే పని చూడమనండి. సైన్యానికి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళను తెల్లవారుజామున పరుగు పెట్టించమనండి. ఆజ్ఞ ఇవ్వడమూ, ఆజ్ఞ పాటించడమూ తెలిసిన మనిషికి ఖాళీ కుర్చీ కంటే క్రూరమైన శిక్ష లేదు.

కుర్రాళ్ళ మాట వచ్చింది గనుక చెబుతున్నాను. 2022 నుంచి అగ్నివీరులుగా చేరుతున్నారు. నాలుగేళ్ళ కొలువు. అందులో నాలుగో వంతు మందినే కొనసాగిస్తారు. మిగిలినవారు సేవానిధి సొమ్ముతో ఇంటికి వస్తారు, పెన్షను ఉండదు. ఇరవై అయిదేళ్ళైనా నిండని వయసులో కొలువు ముగించుకొని గుమ్మంలో నిలబడే ఆ పిల్లవాడికి ఊరు ఏమి చెబుతుంది? “వెనక్కి పంపించారటగా” అనే ఎకసెక్కం అతని చెవిన పడకముందే, సంఘం అతణ్ణి ఎదురేగి తీసుకురావాలి. అతను ఓడిపోయి రాలేదు. ఒప్పుకున్న సేవ పూర్తిచేసి వచ్చాడు. ఈ తేడా అతనికి చెప్పేవారు ఉండాలి, అదీ అందరి ముందు, ఆదివారం నాడు.

మరణం సంభవించిన ఇళ్ళ గురించి తక్కువ మాటలే చెబుతాను, ఎందుకంటే అక్కడ మాటలు తక్కువగానే ఉండాలి. యుద్ధంలో పోయినవాడికి ఊరేగింపు ఉంటుంది. అదే యూనిఫాంలో ఉండి, గుండె ఆగి పోయినవాడికో, లారీ బోల్తాపడి పోయినవాడికో, మనసు విరిగి తన ప్రాణం తానే తీసుకున్నవాడికో ఊరేగింపు ఉండదు. ప్రభుత్వ లెక్కల్లో కూడా ఆ చావు వేరు గదిలో పడుతుంది. వచ్చే సొమ్మూ తగ్గుతుంది. ఆ తల్లి కడుపుకోత మాత్రం తగ్గదు. మీరు ముందుగా వెళ్ళవలసినది ఆ ఇంటికి. “ఎలా పోయాడు?” అని అడగకండి. అతని పేరు పెట్టి మాట్లాడండి. అతను చిన్నప్పుడు ఏ చెట్టెక్కేవాడో, ఏ కూర ఇష్టపడేవాడో అడగండి. చనిపోయినవాడి పేరు ఉచ్చరించడానికి ఊరంతా భయపడుతుంటే ఆ తల్లికి కొడుకు రెండోసారి పోయినట్టవుతుంది. విధవరాలైన కోడలిని ఆమె అత్తింటివారు సొమ్ము కోసమే ఉంచుకున్నారా, సొమ్ము వచ్చాక వెళ్ళగొట్టారా అన్నది కూడా కనిపెట్టండి. అన్యాయం జరుగుతుంటే సంఘ పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడండి. అక్కడ మౌనంగా ఉన్న భక్తుడు రేపు న్యాయపీఠం ముందు మాట్లాడవలసి ఉంటుంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పిల్లల కూడిక ఎలాగూ ఉంటాయి. వాటికి నా సలహా అక్కరలేదు.

ఆదివారం సంగతి చెప్పాలి. సైనిక కుటుంబాలను ముందు వరుసలో నిలబెట్టి శాలువాలు కప్పకండి. ఫొటోలు తీయకండి. ఎవరి ఇంట్లో ఏమి విన్నారో సాక్ష్యం పేరుతో బయటపెట్టకండి. ఒక్కసారి అలా చేస్తే ఇక ఏ ఇల్లూ మీకు తలుపు తెరవదు. ప్రార్థన మనవుల్లో ఆ సైనికుల పేర్లు చదివించండి. పేరు, ఇంటిపేరు, అంతే. ఎక్కడ ఉన్నాడో చెప్పకూడదని వారికి ఆంక్ష ఉంటుంది, అడగవద్దు. యూనిట్లలో సర్వధర్మ స్థలమని ఒకటి ఉంటుంది, మతగురువులు ఉంటారు. అక్కడ అతను హిందువు పక్కన, సిక్కు పక్కన, ముస్లిం పక్కన తలవంచి నిలబడతాడు. మీ ప్రార్థన కూడా అంత విశాలంగా ఉండాలి. మీ సంఘంలో లేని సైనికుని పేరు కూడా చదవండి. ఎదురింటి హిందూ సైనికుని తల్లి మీరు తన కొడుకు పేరు ఎత్తారని వింటే, అది ఆమెను మీ మతంలోకి లాగే వలగా ఉండకూడదు. అలాంటి ఉద్దేశం మీలో ఏ మూలనైనా ఉంటే ఈ ప్రయాణం మానుకోండి. ఒంటరితనాన్ని ఆసరాగా చేసుకొని చేసే బోధ దోపిడీ. కపెర్నహూములో శతాధిపతి యూదుల కోసం సమాజమందిరం కట్టించాడు. యేసు అతని విశ్వాసాన్ని మెచ్చాడు, దాసుణ్ణి బాగుచేశాడు. బదులుగా అతణ్ణి ఏమీ అడగలేదు.

మైలవరం ప్రాంతపు సంఘ పెద్దలారా, మీతోనూ ఒక మాట. ఈ దంపతులు వారం ఉండి వెళ్ళిపోతారు. వారి మీద భారం వదిలి మీరు చేతులు దులుపుకుంటే వారు రాకపోవడమే మేలు. వారు విడిచి వెళ్ళే పని మీది. 1859లో ఈ కృష్ణా మండలంలోనే రాఘవాపురం పగోలు వెంకయ్య అనే మాలపెద్ద బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీ దొర దగ్గర సువార్త విన్నాడు. దొర వచ్చి తన పల్లెను మార్చాలని ఎదురుచూడలేదు. తానే ఇంటింటికీ నడిచాడు. చుట్టుపక్కల మాలపల్లెల్లో సంఘాలు లేచింది అందువల్లనే. ఆ వెంకయ్య వారసులు మీరు.

కనుక ఇలా చేయండి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత, ఎవరినీ బయటికి పోనివ్వకుండా, మన ఊళ్ళో సైన్యంలో ఉన్నవారు, ఉండి వచ్చినవారు, తిరిగి రానివారు ఎవరెవరని అడిగి, ఏ మతమన్నది చూడకుండా ఒక పుస్తకంలో రాయండి. ఒక్కొక్క ఇంటికి ఇద్దరు చొప్పున, వయసు మళ్ళిన ఆలుమగలను నియమించండి. నెలకు ఒకసారి, పండుగ కాని రోజున, వారు ఆ గడపకు వెళ్ళాలి. మొదటి ఇంటికి మీరే వెళ్ళండి.